సున్నం బొట్టు పెట్టిన కాయలు

పోయిన నెల నాకు జ్వరం వచ్చి తగ్గింది. తగ్గిన మర్నాడు పొద్దున కోడలు కాఫీ తెచ్చి ఇచ్చింది. వేడి తెలిసింది, చిక్కదనం తెలిసింది, రుచి మాత్రం తెలియలేదు. చక్కెర వేయడం మరిచిందేమోనని ఇంకో గుక్క తాగాను. ఇడ్లీ తిన్నాను, పచ్చడి నాకాను. నోట్లో తడిగుడ్డ పెట్టుకున్నట్టుంది.

"ఏమత్తా, బాగాలేదా?" అని కోడలు అడిగింది.

"బాగుందమ్మా" అనేశాను.

అనేశాక ఒళ్లు జలదరించింది. అది అచ్చం మా అవ్వ అన్నట్టే ఉంది. వారానికి నా నాలుక నాకు తిరిగొచ్చింది. అవ్వకు రాలేదు.

అప్పట్లో మా ఇల్లు అరవనాట మురుంగపాక్కంలో, ఊరు అయిపోయి పొలాలు మొదలయ్యే చోట ఉండేది. నాయన, చిన్నాయన ఇద్దరూ మిల్లులో పనిచేసేవాళ్లు. మా అమ్మ నా మూడో ఏటే పోయింది. నన్ను పెంచింది నాయనమ్మే. ఆమెను అవ్వ అనేదాన్ని. ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పిల్లను నేను. అవ్వ కొంగు పట్టుకుని తిరగడమే నా పని.

అవ్వ వంట మా వీధికంతా తెలుసు. చుట్టుపక్కల పెళ్లి జరిగితే వంటవాళ్లు గరిటెతో సాంబారు తెచ్చి ఆమె అరచేతిలో పోసేవాళ్లు. ఆమె నాకి, కళ్లు మూసుకుని, "ఉప్పు సరి. చింతపండు పాతది. కొంచెం బెల్లం వేసి దించు" అనేది. వేసి దించేవాళ్లు. ఎదురు చెప్పగా నేను చూడలేదు. చదువు రాదు, చేతిలో ఏమీ లేదు, వీధిలో ఆమెకున్న పెద్దరికమంతా ఆ నాలుకదే.

పెరట్లో ఎర్ర ఇసుక నేల. ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, వానపడగానే అవ్వ పేడ దిబ్బ పక్కన గుంటలు తీసి గింజలు నాటేది. కార్తీకానికి తీగలు వంటింటి పెంకుల మీదికి ఎక్కేవి. మేం వాటి కాయల్ని పరంగికాయలనే అనేవాళ్లం, అరవంలో అనేట్టు. తెలుగులో గుమ్మడికాయ అంటారని చిన్నాయన భార్యగా చిన్నమ్మ యానాం నుంచి వచ్చాకే నాకు తెలిసింది. మార్గళి నెలలో, అదే ధనుర్మాసంలో, తెల్లవారుజామున ముగ్గు వేసి, పేడముద్దల్లో పరంగి పూలు గుచ్చి వాకిట్లో పెట్టాలి. పూలు కోసే పని నాది. "పిందె ఉండే పువ్వు కోసినావంటే చెయ్యి విరగ్గొడతా. సన్న కాడ ఉండేది మగపువ్వు, అది కొయ్యి" అనేది అవ్వ. నేను వీధిలో పిల్లలకంటే పెద్ద పూలు పెట్టాలని ఆశకొద్దీ అప్పుడప్పుడు పిందెతో సహా కోసి, పిందెను కాలవలోకి విసిరేసేదాన్ని.

ఆ ఏడు వానలు విడవలేదు. పెరటి గోడ సగం కూలింది. నీళ్లు తీసిన తర్వాత వీధి మొత్తానికి జ్వరాలు పట్టాయి. అవ్వ పదిరోజులు మంచం మీద పడుకుంది. లేచాక మునుపటిలాగే వంట మొదలుపెట్టింది, కానీ ఏదో మారింది. ఒక రోజు కూరలో ఉప్పు లేదు. ఇంకో రోజు చారు నోట పెట్టలేకపోయాం. నాయన చారు పక్కకు నెట్టి మజ్జిగ పోసుకున్నాడు.

నేను ఆటకు ఒక పని చేశాను. అవ్వ కాఫీలో చక్కెరకు బదులు ఉప్పు వేసి ఇచ్చి, ఆమె ఉమ్మేస్తే నవ్వుదామని తలుపు వెనక నిలబడ్డాను. అవ్వ గుక్క గుక్కగా తాగింది. లోటా అడుగుదాకా తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, "బాగుండాది" అంది.

నాకు నవ్వు రాలేదు. తలుపు వెనక నుంచి బయటికొచ్చాను. "అవ్వా, అందులో ఉప్పు వేసినా" అన్నాను.

ఆమె నన్ను దగ్గరికి లాక్కుని మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు ఇప్పటికీ గుర్తుంది. "ఎవురికీ చెప్పబాక" అంది గొంతు తగ్గించి. "తై నెలలో, పొంగలు పోయినాక, నీ చిన్నాయనకి పెళ్లి. కోడలొస్తాది. నాలిక చచ్చిందని తెలిస్తే నన్ను మూల మంచంలో కూచోబెడతారు. మా అత్తని అట్లనే కూచోబెట్టినా నేను. నాకు తెలుసు అదెట్లుంటాదో."

"మరి వంట?"

"నువ్వుండావు గదా. నువ్వు నాకి చెప్పు. అంతే."

అలా ఆమె నాలుక నేనయ్యాను. బడికి పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి గరిటెలోంచి నా అరచేతిలో పోసేది. "ఉప్పు చాలదు", "కారం ఎక్కువ" అని చెవిలో చెప్పేదాన్ని. నాకది గొప్పగా ఉండేది. పెద్దవాళ్ల గుట్టు చేతిలో ఉంటే పిల్లలకు గర్వం, ఎంత బరువైందో తెలియదు.

ఆ ఏడు పెరట్లో ఒక తీగ తనంతట తాను మొలిచింది. అంట్లు తోమే రాయి వెనక, మురికినీళ్లు పారే కాలవ గట్టున. అవ్వ చూసి పీకబోయింది. "దీన్ని నమ్మకూడదే. మనం నాటింది కాదు. దీని నాయన ఎవుడో మనకి తెలవదు" అంది. నేను కాళ్లు పట్టుకుని బతిమాలాను. సరే ఉండనీ అంది. నేను దానికి రోజూ నీళ్లు పోశాను. మిగతా తీగల కంటే వేగంగా పాకింది, కూలిన గోడ మీదికెక్కి అవతలికి దిగింది. పక్కింటి మేక గోడ సందులోంచి వచ్చి మా తీగలన్నీ కొరికిపోయేది. ఈ తీగ దగ్గర మాత్రం ఆగి, వాసన చూసి, తల తిప్పుకుని పోయేది. నా తీగను మేక కూడా ముట్టుకోదని సంబరపడ్డాను.

ఏడు కాయలు కాసింది. అలాంటి కాయలు నేను మళ్లీ చూడలేదు. గుండ్రంగా, గీతలు గీతలుగా, కుంకుమపువ్వు రంగులో. ఒకటి పిందెగా ఉన్నప్పుడే దాని మీద తుమ్మముల్లుతో నా పేరు మొదటి అక్షరం గీశాను, బడిలో నేర్పిన అరవ అక్షరం. కాయ పెరిగేకొద్దీ అక్షరం కూడా పెరిగింది. మచ్చకట్టి, ఉబ్బి, అరచెయ్యంత అయింది.

చిన్నాయన పెళ్లి యానాంలో జరిగింది. పెళ్లికూతురు ఇంటికి రాకముందే అవ్వ కోతలు పూర్తి చేయాలనుకుంది. తొడిమ ఎండి బెండులాగ అయిన కాయల్నే కోసేది. గోరు గుచ్చితే దిగకూడదు. తొడిమ జానెడు ఉంచి కోయాలి, తొడిమ పట్టుకుని ఎత్తకూడదు, కడగకూడదు. కోసినచోట బూడిద రాసి, నాలుగు రోజులు ఎండలో పెట్టి, ఆ తర్వాత అటక మీద వరిగడ్డి పరిచి ఒకదానికొకటి తగలకుండా పేర్చాలి. అలా పెడితే చిత్తిరై నెల, అంటే చైత్రం, ఎండలదాకా చెడవు. అయితే అటక ఎక్కే ముందు ఇంకో పని ఉండేది. ప్రతి తీగ నుంచి ఒక కాయ తీసుకుని, చిన్న ముక్క గాటుపెట్టి నాలుక కొసకు తాకించి ఉమ్మేది అవ్వ. బాగుంటే ఆ తీగ కాయలన్నిటికీ సున్నంతో ఒక బొట్టు. చేదుగా ఉంటే ఆ తీగ కాయలన్నీ గుంటలోకి. పశువులు కూడా తినకుండా లోతుగా పూడ్చేది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. చేదంటే కాకరకాయ చేదే నాకు తెలిసింది.

ఆ రోజు ముక్కలు నా నోటికి వచ్చాయి. మొదటి తీగ చప్పన, రెండోది కొంచెం తీపి, మూడోదీ అంతే. చివరికి నా తీగ. అవ్వ నా అక్షరం లేని ఇంకో కాయకు గాటుపెట్టి చిన్న ముక్క నా నోటికి అందించింది. నాలుక మీద పడగానే గొంతు బిగుసుకుంది. వేపాకు ఆ చేదు ముందు ఎందుకూ పనికిరాదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏందే, ఎట్లుండాది?"

గుంట తవ్వే గడ్డపార గోడకు ఆనించి ఉంది. ఎండలో ఏడు కాయలు వరసగా ఉన్నాయి. నా అక్షరం ఉన్న కాయ నావైపే తిరిగి ఉంది.

"తియ్యగా ఉంది అవ్వా" అన్నాను.

ఆమె సున్నం డబ్బా తీసి ఏడింటికీ బొట్టు పెట్టింది. గాటుపెట్టిన కాయే ముందు వంటకొస్తుందని భయపడి ఆ వారమే దాన్ని కాలవలో పారేశాను, ఎలుక కొరికిందని చెప్పి.

చిన్నమ్మ వచ్చింది. పంతొమ్మిదేళ్లు ఉంటాయేమో. మోకాళ్లు దాటే జడ. ఆ జడ అల్లడానికి నేను ముక్కాలిపీట ఎక్కి నిలబడేదాన్ని. ఆముదం, మరువం కలిసిన వాసన వచ్చేది. ప్రతి మాటకూ "అండి" చేర్చేది. "అత్తయ్యగారూ, నీళ్లు తోడమంటారా అండి?" అంటే అవ్వ, "ఈ పిల్ల నాతో మాట్లాడతా ఉందా, కలెక్టరుతోనా?" అని నవ్వేది. నవ్వినా, వంటింట్లోకి మాత్రం రానిచ్చేది కాదు. చిన్నమ్మ గడప దగ్గర నిలబడి కూరగాయలు తరిగి లోపలికి అందించేది. అవ్వంటే ఆమెకు వణుకు.

అటక సరిగ్గా నేను పడుకునే చాప పైన ఉండేది. గడ్డి, బూడిద, సున్నం, వాటి మధ్య మగ్గిన పరంగి వాసన. అంతకుముందు ఆ వాసనంటే నాకు ప్రాణం. ఆ ఏడు అదే వాసనకు నిద్ర పట్టేది కాదు. ఎందుకు పూడ్చేదానివని ఒకసారి మెల్లగా అడిగాను. "మా ఊళ్లో ఒక ఎద్దు తిని చచ్చింది" అంది అవ్వ, బియ్యం ఏరుతూనే.

అప్పటినుంచి నాకు ఒకటే ధ్యాస. అవ్వ నిచ్చెన ఎక్కలేదు కాబట్టి కాయ దించేది నేనే. వారానికొకసారి అటకెక్కి కాయలు తిరగేసి మెత్తబడ్డవి చూసేదీ నేనే. ఆ ఆరింటినీ వెనక్కి, వాసం కిందికి తోసి, మీద గడ్డి కప్పాను. ఎవరూ లేనప్పుడు ఒక్కొక్కటే తీసుకెళ్లి కాలవలో పడేద్దామనుకున్నాను. వీధిలో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవాళ్లు. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అనుకుంటూ నెల గడిచింది. నిజం చెప్పాలంటే ఆ అక్షరం కాయను పారేయడానికి అప్పటికీ మనసు రాలేదు.

పంగుణి నెలలో, అంటే ఫాల్గుణంలో, ఒక శుక్రవారం. సాయంత్రం బడి నుంచి వస్తుంటే మా వాకిట్లో జనం కనపడ్డారు. అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది, చేతులు ఒళ్లో పెట్టుకుని. ఇంట్లోంచి వాంతుల వాసన. చిన్నమ్మను రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకుపోయారని, మధ్యాహ్నం అన్నం తిన్న గంటకు మొదలైందని, కడుపులోంచి నెత్తురు కూడా పడిందని పక్కింటామె చెప్పింది. నేను తిన్నగా వంటింట్లోకి పోయాను. కత్తిపీట పక్కన, జల్లెడ బోర్లించి, సగం కాయ ఉంది. జల్లెడ ఎత్తాను. నా అక్షరంలో సగం కనపడింది.

జల్లెడ మళ్లీ బోర్లించి బయటికొచ్చి కూర్చున్నాను. ఒక్క మాట చెప్పి ఉంటే ఆసుపత్రిలో వాళ్లకు ఏదో ఒకటి తెలిసేది. చెప్పలేదు.

రెండు రోజులు గడిచాయి. "ఏదైనా పురుగుమందు తాగిందా?" అని డాక్టరు అడిగాడట. చిన్నాయన తల దించుకుని ఇంటికొచ్చాడు. వీధిలో మాటలు మొదలయ్యాయి. నీళ్ల కొళాయి దగ్గర నేను నిలబడితే ఆగిపోయేవి, కదిలితే మళ్లీ వినపడేవి. "ఆ రోజు ముసలామెకి ఉపాసమంట. తను తినలేదంట. కోడలికి ఒక్కదానికే వడ్డించిందంట." పెళ్లిళ్లలో సాంబారు తెచ్చి అవ్వ చేతిలో పోసిన వాళ్లే ఆ మాటలు అన్నది. నాయన ఆ రెండు రోజులూ అవ్వ వండిన అన్నం ముట్టలేదు. ఏదో ఒక వంక చెప్పి బయట తిన్నాడు. అవ్వ ఆ కంచం వైపే చూస్తూ కూర్చుంది.

మూడో రోజు మధ్యాహ్నం చిన్నమ్మ వాళ్ల నాన్న యానాం నుంచి వచ్చాడు. ఆసుపత్రిలో కూతుర్ని చూసి, అటునుంచే మా ఇంటికొచ్చాడు. చెప్పులు విప్పి నడవాలో నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నేను గొడవకి రాలేదండి. అమ్మాయి మాట్లాడలేకపోతోంది. ఏం తిందో తెలుసుకుందామని వచ్చానండి, అంతే."

వాకిట్లో అప్పటికే పదిమంది చేరారు.

"అన్నం, చారు, పరంగికాయ కూర" అంది అవ్వ. "మీ ఊరి పక్క ఆవపెట్టి చేస్తారంటనే, అట్ల కావాలని నోరు తెరిచి అడిగింది. మొదటిసారి అడిగిందని ఆశగా చేసినాను. నేను విషం పెట్టేదాన్నా? మీరే చూడండి."

లోపలికిపోయి సగం కాయ, కత్తిపీట తెచ్చి అందరి ముందూ పెట్టింది. కాయ కోసినచోట ఎండి ముడుచుకుంది. ఆ పొర తీసేసి లోపలి నుంచి ముక్క కోసింది. "బొట్టు పెట్టిన కాయ ఇది. చూడండి" అని నోట్లో వేసుకుని నమిలింది. ముఖంలో ఏ మార్పూ లేదు. మింగింది. ఇంకో ముక్క కోసి నోట్లో పెట్టుకుంది. జనం మెత్తబడ్డారు. ఎవరో "పాపం" అన్నారు. మూడో ముక్క చేతిలోకి తీసుకుంది.

"తినొద్దు అవ్వా! చేదు! అది చేదు!" అని అరిచాను. ఆమె చెయ్యి పట్టుకుని లాగితే ముక్క కింద పడింది.

చిన్నమ్మ వాళ్ల నాన్న వంగి ఆ ముక్క తీసుకున్నాడు. తుడిచి నాలుకకు తాకించాడు. వెంటనే పక్కకు తిరిగి ఉమ్మాడు, మళ్లీ ఉమ్మాడు. అలా ముఖం చిట్లించుకునే అవ్వ వైపు చూశాడు.

ఆ కాయ ఎంత చేదో ఆయన ముఖమే చెబుతోంది. అది రెండు ముక్కలు నమిలి మింగిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంది.

"అమ్మా, నీకు తెలీలేదా?" అన్నాడు నాయన.

అవ్వ నన్ను చూసింది. అప్పటికి ఆమెకు అంతా అర్థమైంది. ఆ చూపులో కోపం ఉంటే తట్టుకునేదాన్నేమో. నేను నోరు తెరవబోయాను.

"నీకెట్లా తెలుసే అది చేదని?" అని నాయన నావైపు తిరిగాడు.

"దానికేం తెలుసు" అంది అవ్వ, నాకంటే ముందే. "ఇందాక నాకి చూసుంటాది. వానల్లో జరం వచ్చినప్పుడే నా నాలిక పోయింది. ఎవురికీ చెప్పలేదు. రుచి చూడకుండానే బొట్లు పెట్టినా. తప్పు నాదే."

చిన్నమ్మ వాళ్ల నాన్న చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. అవ్వ రెండు రోజులు వాంతులతో పడి లేచింది. అటక మీద మిగిలిన కాయలన్నీ, మంచివీ చెడ్డవీ చూడకుండా, నాయన, చిన్నాయన గుంట తీసి పూడ్చారు. తీగలు వేళ్లతో సహా పీకేశారు. ఆ పెరట్లో మళ్లీ ఎవరూ గింజ వేయలేదు.

చిన్నమ్మ బతికింది. పన్నెండు రోజులకు ఇంటికొచ్చింది. మొదటి మాట నాతోనే అంది, నవ్వుతూ. "ఆ కాయలు నువ్వు వెనక్కి తోసి గడ్డి కప్పుతుంటే చూశానే. నీ అక్షరం కూడా ఉంది కదా, తియ్యటివి దాచుకుంటున్నావనుకున్నాను. నువ్వు బడికెళ్లాక నేనే ఎక్కి దించాను."

మూడు వారాల తర్వాత, ఆ చేదు విషానికే, ఆమె జుట్టు రాలడం మొదలైంది. నేను పీటెక్కి దువ్వెన పెడితే పిడికెడు చొప్పున ఊడి వచ్చింది. ఆమె అద్దంలో చూస్తూ, "ఆపకు, దువ్వు" అంది. వానలు మొదలయ్యేదాకా తలకు గుడ్డ కట్టుకుని తిరిగింది. తర్వాత మళ్లీ మొలిచింది గాని, భుజాలు దాటి పెరగలేదు.

అవ్వ వంటింటి గడప తొక్కలేదు. ఎవరూ వద్దనలేదు, తనే పోలేదు. మంచం మాత్రం చిన్నమ్మ మూలకు వేయనివ్వలేదు, వంటింటికి ఎదురుగా వేయించింది. వండిన ప్రతిదీ తెచ్చి చూపించి, "పులుపు కాస్త ఎక్కువైందండి అత్తయ్యగారూ, ఏం చేయమంటారు?" అని అడిగేది. అవ్వ కళ్లు మూసుకుని ఆలోచించి చెప్పేది. అలా నాలుగేళ్లు బతికింది. ఆ నాలుగేళ్లలో నన్ను ఒక్కసారి కూడా అడగలేదు, ఎందుకు తియ్యగా ఉందన్నావే అని. అడుగుతుందేమోనని రోజూ ఎదురుచూసేదాన్ని. పోయేముందు నా చెయ్యి పట్టుకుని ఏదో అనబోయింది. నేనే చెయ్యి విడిపించుకుని నీళ్లు తెస్తానని లేచిపోయాను.

చిన్నమ్మ ఇప్పుడూ ఈ చుట్టుపక్కలే, కాలాపేట దగ్గర కొడుకింట్లో ఉంటుంది. జ్వరం తగ్గాక బస్సెక్కి వెళ్లాను. ఇన్నేళ్లూ దాచిందంతా చెప్పాను, ఆ ముక్క నా నాలుక మీద పడ్డప్పటి నుంచి. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింది. చెప్పడం అయ్యేసరికి గిన్నె నిండింది.

"మొదటి ముద్దకే తెలిసింది నాకు" అంది చివరికి. "ఆవిడ ఎదురుగా గరిటె పట్టుకుని నిలబడింది. మొదటిసారి నాకోసం వండింది. బాగుందా అని అడిగితే, బాగుందండి అన్నాను. నన్ను పరీక్ష చేస్తోందనుకుని మొత్తం తినేశాను. చేదని తెలిసిన వాళ్లం మనిద్దరం. ఇద్దరమూ నోరు విప్పలేదు. ఏ రుచీ తెలియని మనిషి ఒక్కతే నలుగురి ముందూ తప్పు ఒప్పుకుంది."

చిక్కుడుకాయల గిన్నె నా ఒళ్లో పెట్టి, పొయ్యి వెలిగించడానికి లోపలికి వెళ్లింది.